ఐదు నిమిషాల ఉగ్గాని వెనక ఎవరున్నారు?

మా రూమ్‌లో నలుగురం. హిందూపురంలో కాలేజీకి దగ్గరగా మేడ మీద ఒక గది, ఒక గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, ఒక మూకుడు, విజిల్ పోయిన కుక్కర్. ఎనిమిదిన్నరకు లేచి తొమ్మిదింటికల్లా క్లాసులో కూర్చోవాల్సిన బతుకులు మావి. ఆ గదిలో నాకొక బిరుదు ఉంది: ‘ఉగ్గాని ఇంజనీర్’. ఐదు నిమిషాల్లో నలుగురికి టిఫిన్ పెట్టగలనని. ఒకసారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మరీ నిరూపించా. నాలుగు నిమిషాల యాభై సెకన్లు! ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు మా రూమ్మేట్ ముందే కోసి పెట్టాడు. ఆ టైమ్ లెక్కలో వేయలేదు. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ వ్యాసం మొదట ఆ గొప్ప చెప్పుకోవడానికే రాద్దామనుకున్నా. ‘టైమ్ లేని విద్యార్థులకు త్వరగా అయ్యే శాకాహార వంటలు’ అని హెడ్డింగ్ కూడా పెట్టుకున్నా. ఈలోగా దసరా సెలవులకు ధర్మవరంలో మా ఇంటికి వెళ్లా. తిరిగొచ్చేసరికి ఆ హెడ్డింగ్ నాకే నచ్చలేదు. అయినా ముందు వంటల సంగతే చెప్తా. ఒకటి, అవి నిజంగా పనికొస్తాయి. రెండు, అవి ఎట్లా చేస్తారో తెలిస్తేనే నా బాధ ఏమిటో మీకు అర్థమవుతుంది.

ఉగ్గాని అంటే తెలియని వాళ్లు మన కాలేజీలో కోస్తా నుంచి వచ్చినవాళ్లే ఉంటారు. వాళ్ల కోసం: పావు కిలో బొరుగులు నీళ్లలో వేసి, రెండు మూడు నిమిషాల తర్వాత గట్టిగా పిండి పక్కన పెట్టాలి. మూకుడులో నూనె, ఆవాలు, కరివేపాకు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, చిటికెడు పసుపు. ఉల్లిపాయ మెత్తబడ్డాక ఒక టమాటా. అందులో పిండిన బొరుగులు వేసి కలిపి, పైన రెండు పిడికిళ్ల పప్పుల పొడి చల్లాలి. పప్పులంటే మా వైపు పుట్నాలు. దించి నిమ్మకాయ పిండితే అయిపోయినట్టే. బొరుగుల్లో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూసి వేసుకోవాలి. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే అది పండగ. లేకపోతే వేయించిన చెనిక్కాయలు చాలు. మా రూమ్‌లో ఇంట్లో కన్నడ మాట్లాడేవాడు ఒకడున్నాడు. వాడు దీన్నే ఒగ్గరణె మండక్కి అంటాడు. ఎవరిది అసలైనదని మూడేళ్లుగా కొట్లాడుకుంటూ ఒకే మూకుట్లో తింటున్నాం.

రెండోది చింతపండు గొజ్జు. హిందూపురం మార్కెట్ యార్డు చింతపండుకు పేరున్నదని మీకు తెలుసు. ఉప్పు, పసుపు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించిన గొజ్జు సీసాలో ఉంటే, అన్నంలో రెండు స్పూన్లు కలుపుకోవడమే పని. తడి చెంచా పెట్టకుంటే వారం పైన నిలవుంటుంది. మూడోది పెరుగు అటుకులు. అటుకులు కడిగి, పెరుగు పోసి, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ వేసి పది నిమిషాలు వదిలేస్తే చాలు. పొయ్యే అక్కర్లేదు. హాస్టల్ వాళ్లకు ఇదే దిక్కు. హాస్టల్‌లో కెటిల్ సంగతి నేను రాయను, వార్డెన్ సార్ కూడా ఈ పత్రిక చదువుతారు. నాలుగోది చెనిక్కాయల పొడి. వేడన్నం, ఒక చుక్క నూనె, ఈ పొడి ఉంటే కూర లేని రాత్రి కూడా గడిచిపోతుంది.

వీటిని తక్కువ చేసి చూడొద్దు. బొరుగుల్లో ఉండేది ఎక్కువగా పిండి పదార్థమే. ఉత్త బొరుగులు తింటే పదకొండింటికి మళ్లీ ఆకలేస్తుంది. కానీ పైన చల్లే పప్పుల పొడి, పక్కన పెట్టే చెనిక్కాయలు ఊరికే రుచికి కాదు. చెనిక్కాయల్లో బరువులో దాదాపు నాలుగో వంతు ప్రొటీనే. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పుట్నాల్లో ఉంటుంది. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన మన అనంతపురం నేలలో వేరుశనగే ప్రధాన పంట. ఉన్నదాంతో ఎట్లా తినాలో మనవాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు.

ఇంత త్వరగా ఎట్లా అవుతుంది? అసలు రహస్యం ఇక్కడుంది. బొరుగులు ముందే ఉడికిన ధాన్యం. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచిన బియ్యాన్ని రెండు వందల డిగ్రీలకు పైన కాలిన ఇసుకలో వేస్తే, గింజలో మిగిలిన నీరు ఒక్కసారిగా ఆవిరై గింజను పొంగిస్తుంది. అటుకులు కూడా అంతే. నానబెట్టి, వేయించి, అదిమిన వడ్లు. మనం పొయ్యి మీద చేసేది వంట కాదు, ఇదివరకే అయిపోయిన వంటకు తడి, తిరగవాత ఇవ్వడం. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో ఇన్‌స్టంట్ నూడుల్స్ తయారుచేసినప్పుడు పాటించిందీ ఇదే సూత్రం. ముందే ఉడికించి, నూనెలో వేయించి తేమ తీసేస్తే, తర్వాత వేడినీళ్లు పోస్తే చాలు. ప్యాకెట్ మీద రాసేది చివరి రెండు నిమిషాలు మాత్రమే. ఫ్యాక్టరీలో జరిగిన గంటలు ప్యాకెట్ మీద ఉండవు.

అంటే త్వరగా అయ్యే వంట అని ఏదీ లేదు. ముందుగా ఎవరో సగం చేసిపెట్టిన వంట ఉంటుంది. బొరుగుల విషయంలో ఆ ఎవరో బొరుగుల బట్టీ మీద పనిచేసేవాళ్లు. వాళ్లకు మనం డబ్బులిస్తాం. మరి పప్పుల పొడి, గొజ్జు, చెనిక్కాయల పొడి విషయంలో ఆ ఎవరో ఎవరు?

నాకు ఈ ప్రశ్న దసరా సెలవుల దాకా రాలేదు. నెలకోసారి హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ దాటి, ధర్మవరంలో దిగడం. ఆదివారం సాయంత్రం నాలుగు డబ్బాలు బ్యాగులో వేసుకొని తిరిగి రావడం. డబ్బాలు ఖాళీగా వెళ్లేవి, నిండుగా వచ్చేవి. ఏటీఎంలో డబ్బులు ఎట్లా వస్తాయో చిన్నపిల్లలు ఎట్లా అనుకుంటారో నేనూ అట్లాగే అనుకున్నా.

ఈసారి ఇంటికి పోయేసరికి అమ్మకు డెంగీ. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపించారు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. మాది మగ్గం ఉన్న ఇల్లు. నాయన పట్టుచీరలు నేస్తాడు. అక్క పెనుకొండ దగ్గర కార్లకు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేస్తుంది. 2019లో అక్కడ కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక చుట్టూ వచ్చిన యూనిట్లలో అదొకటి. మార్నింగ్ షిఫ్ట్ అయితే కంపెనీ బస్సు ఐదుంబావుకు వస్తుంది.

మొదటి రోజు తెల్లవారుజామున గిన్నెల చప్పుడుకు మెలకువ వచ్చి చూస్తే టైమ్ మూడున్నర. అక్క వంటింట్లో ఉంది. నాయనకు, నాకు మధ్యాహ్నానికి అన్నం, పప్పు. అమ్మకు గంజి. తనకు టిఫిన్ బాక్స్. “ఏమక్కా, నన్ను లేపొచ్చు గదా?” అంటే, “సెలవులకొచ్చినావు, పడుకోనీలే అనుకుంటి” అంది. నాకు సెలవులు, నిజమే. అక్కకు ఆ రోజు ఎనిమిది గంటల షిఫ్ట్.

“రేపట్నుంచి పొద్దున టిఫిన్ నాది. ఐదు నిమిషాల పని” అన్నా గొప్పగా. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు పప్పుల పొడి డబ్బా అడుగు కనిపించింది. అమ్మ మంచం దగ్గరికి పోయి అడిగా.

“మా, పప్పుల పొడి యాడుంది?”

“డబ్బాలో లేదా?”

“అయిపోయింది.”

“అయిపోయింటే చేసుకోవల్ల రా. అదేమన్నా చెట్టుకు కాస్తుందా?”

ఆ నీరసంలోనూ అమ్మకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఎందుకంటే ఎట్లా చేయాలో నాకు తెలీదు. ఉగ్గాని ఇంజనీర్‌కు ఉగ్గానిలో ఉండే పొడి చేయడం రాదు!

అమ్మ మంచం మీద నుంచి చెప్తుంటే ఆదివారం కూర్చుని అన్నీ చేశా. అలవాటుకొద్దీ టైమ్ రాసుకున్నా. చెనిక్కాయలు సన్నసెగ మీద వేయించి, ఆరబెట్టి, పొట్టు తీసి చెరగడం, మొదటి విడత మాడితే మళ్లీ చేయడంతో కలిపి 40 నిమిషాలు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పొడులు రెండూ కొట్టడం 35. ఎండుకొబ్బరి తురమడం 15. చింతపండులో ఈనెలు, గింజలు ఏరి, నానబెట్టి, పిసికి, గొజ్జు ఉడికించడం 65. డబ్బాలు కడిగి, తడి లేకుండా తుడిచి, నింపి, గిన్నెలు తోమడం 30. మొత్తం 185 నిమిషాలు. మూడు గంటల ఐదు నిమిషాలు. అది ఒక వారానికి సరిపడా.

వారానికి ఆరు పూటలు అనుకుంటే పూటకు సుమారు అరగంట. సీఎస్ఈ వాళ్లు దీన్ని అమార్టైజ్డ్ కాస్ట్ అంటారు. ఒక్కో ఆపరేషన్ చవగ్గా కనిపిస్తుంది. ముందు ఎప్పుడో పడిన పెద్ద ఖర్చును కూడా అన్నిటికీ పంచితే గానీ అసలు ధర తేలదు. నా ఐదు నిమిషాల ఉగ్గాని అసలు ధర ముప్పై ఐదు నిమిషాలు. అందులో నావి ఐదు, అమ్మవి ముప్పై. పేరు మాత్రం నాది.

ఇంకో సంగతి జరిగింది. పొడి డబ్బా అయిపోయిన మరుసటి రోజే మగ్గం కూడా ఆగింది. పడుగు ఉంది, జరీ ఉంది, నాయన ఉన్నాడు. కండెలు లేవు. పేకకు కావాల్సిన పట్టుదారాన్ని రాట్నం మీద కండెలకు చుట్టేది అమ్మ. చేతిలో నాడె ఉన్నా అందులో కండె లేకపోతే చీర వేలెడు కూడా ముందుకు పోదు. నాయన గుంతలోంచి లేచి, తనే రాట్నం దగ్గర కూర్చుని చుట్టుకున్నాడు. కండె చుట్టడం ఆయనకు రాకపోవడం కాదు, రోజూ చుట్టాల్సిన అవసరం రాలేదు, అంతే. “ఈ పొద్దు అరచేయి గూడా నేయలేకపోతిని” అన్నాడు రాత్రి. ఆయన గొంతులో విసుగు లేదు, ఆశ్చర్యం ఉంది.

మా ఇంట్లో చీరకు మజూరి వస్తుంది. నేసినందుకు అంటారు. కండెలు చుట్టినందుకు విడిగా లెక్క ఉండదు, అది అందులోనే కలిసిపోతుంది. ధర్మవరం చీర కట్టుకున్నవాళ్లు నేసిన చేతిని తలుచుకుంటారేమో గానీ, రాట్నం తిప్పిన చేతిని ఎవరు తలుచుకుంటారు? హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ నుంచి మొదలుపెడితే, గూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసేవాళ్ల దాకా, ఆ చీరలో కనిపించని చేతులు చాలా ఉన్నాయి. వంట కూడా సరిగ్గా అట్లాంటిదే. మూకుట్లో గరిటె తిప్పేవాడు నేతగాడిలా కనిపిస్తాడు. పొడి కొట్టినవాళ్లు కండెలు చుట్టినవాళ్లు.

ఇదే మాట అక్క ఇంకా సూటిగా చెప్పింది. “నువ్వు పొయ్యి కాడ ఐదు నిమిషాలుంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది, ఫోటో కూడా పెడతావు. అమ్మ మూడు గంటలుంటే ఎవురికీ తెలీదు” అంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో 81 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తున్నారు, మగవాళ్లలో 26 శాతం. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు పడితే, మగవాళ్లకు 97. దాదాపు ఐదు గంటలు! మన కాలేజీలో రోజుకు ఎన్ని గంటలు క్లాసులుంటాయో దాదాపు అంత. ‘నాకు టైమ్ లేదు’ అని మనం అన్న ప్రతిసారీ టైమ్ ఎక్కడ్నించి వస్తోందో ఈ అంకెలు చెప్తాయి. టైమ్ పుట్టదు, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పోతుంది.

ఇక్కడ కొందరు మిత్రులు రెండు ప్రశ్నలు అడుగుతారని నాకు తెలుసు, రూమ్‌లో ఇప్పటికే అడిగారు కాబట్టి.

మొదటిది: “బజార్లో పొడులు దొరుకుతాయి గదా, కొనుక్కుంటే పోలా?” కొనుక్కోండి. నాకేం అభ్యంతరం లేదు. నిజానికి మహిళా సంఘాల వాళ్లు చేసే పొడి కొంటే, కనీసం ఆ మూడు గంటలకు ఎవరో ఒకరికి డబ్బు ముడుతుంది. ఉచితంగా అమ్మ చేత చేయించుకొని, పైగా ‘ఇంటి పొడి రుచే వేరు’ అని డైలాగు కొట్టడం కంటే అది ఎంతో నయం. మా నలుగురి లెక్కలో మాత్రం నెలంతా కొనడం కష్టం. అది మా జేబు సంగతి.

రెండోది: “అమ్మలకు అది ప్రేమరా, నువ్వు పనిగా చూస్తున్నావు.” ప్రేమ కాదని ఎవరన్నారు? ప్రేమే. కానీ ప్రేమ అని పేరు పెట్టగానే పని మాయమైపోదు, నడుం నొప్పి తగ్గదు. మన సాహితీ క్లబ్ సంగతే తీసుకోండి. ప్రతి సంచికలో అమ్మ చేతి ముద్ద మీద ఒక కవితైనా ఉంటుంది. నేనూ రాశా, మొదటి సంవత్సరంలో. పప్పుల పొడి ఘుమఘుమల గురించి నాలుగు పాదాలున్నాయి అందులో. ఆ పొడి డబ్బా ఒక్కసారైనా కడిగినట్టు మాత్రం లేదు. కవిత రాయొద్దనడం లేదు. డబ్బా కడిగి వచ్చి రాస్తే కవిత ఇంకొంచెం నిజంగా ఉంటుందేమో అంటున్నా.

అట్లాగని వంట ఒక శిక్ష, ఎవరికో ఒకరికి తప్పదు అని చేతులెత్తేయడం కూడా తప్పే. మన చదువు నేర్పేదే అది కాదు గదా. 185 నిమిషాల్ని ఒక్కరి మీద వేస్తే భారం. నలుగురికి పంచితే మనిషికి 46 నిమిషాలు, వారానికి. ఒక రీల్ చూడబోయి ఇంకో ఇరవై చూసే టైమ్ అంత. దసరా తర్వాత మా రూమ్‌లో ఆదివారం పదింటికి ఈ పని మొదలుపెట్టాం. ఒకరు వేయించాలి, ఒకరు పొట్టు తీయాలి, ఒకరు చింతపండు చూసుకోవాలి, ఒకరు గిన్నెలు. వారం వారం పనులు మారతాయి, లేకపోతే వేయించేవాడికి పేరు, తోమేవాడికి నడుం నొప్పి మిగులుతాయి. ఒకడు మూడో వారానికే “క్రికెట్ ఉంది మచ్చా” అని జారుకున్నాడు. వాడికి వచ్చే వారం తోముడు డబుల్ పెట్టాం. ఇప్పుడు పొడి వాడు కూడా అడిగి వేసుకుంటున్నాడు, ముందులా డబ్బా బోర్లించడం లేదు. ఎన్ని చెనిక్కాయలు పొట్టు తీస్తే ఒక స్పూను పొడి అవుతుందో చేతికి తెలిసింది గదా.

ఆదివారం చేతిలో టైమ్ ఉంటుంది కాబట్టి ఊరిబిండి కూడా నేర్చుకున్నాం. వేయించిన చెనిక్కాయలు, నూనెలో మగ్గిన పచ్చిమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు. రోలు లేదు కాబట్టి మిక్సీలో బరకగా. రాగి సంగటితో తింటే ఇంకేమీ అక్కర్లేదు. ఇది ఐదు నిమిషాల వంట కాదు, కాకపోయినా బాధ లేదు. ముద్ద గట్టిదా మెత్తనిదా అన్న విషయంలో హిందూపురం వాళ్లకు, ధర్మవరం వాళ్లకు ఇంకా రాజీ కుదరలేదు.

ముఖ్యంగా మగపిల్లలకు ఒక మాట. చెల్లెలో అక్కో ఇంజనీరింగ్ చదువుతూనో, షిఫ్టుకు పోతూనో వంటింట్లో కూడా ఉంటోంది చూడండి, ఆమెకు ఎవరూ ‘సెలవులకొచ్చినావు, పడుకో’ అనరు. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు డబ్బాలు నింపించుకొని రావడమే కాకుండా, ఒక్క ఆదివారం ఆ డబ్బాలు మీరు నింపండి. టైమ్ రాసుకోండి. మీ ఇంట్లో పొడి వేరే కావచ్చు, కారప్పొడో కందిపొడో. అంకె కూడా వేరే రావచ్చు. వచ్చిన అంకె చూశాక నాతో వాదించండి, సిద్ధంగా ఉన్నా.

పోయిన నెల ఇంటికి పోయినప్పుడు మా రూమ్‌లో చేసిన పప్పుల పొడి డబ్బా ఒకటి అమ్మకు తీసుకెళ్లా. చిటికెడు నోట్లో వేసుకుని, “ఉప్పు తక్కువైంది. పప్పులు ఇంగొంచెం ఏగల్ల” అంది. అని, దాన్ని తీసుకెళ్లి అల్మారాలో తన డబ్బా పక్కన పెట్టుకుంది. సోమవారం అక్క షిఫ్టుకు పోయేటప్పుడు బాక్సులో ఉగ్గాని పెట్టింది నేను. పొడి కూడా మాదే.

రూమ్‌లో ఆ పాత రికార్డు కొట్టేశాం. ఇప్పుడు ఉల్లిపాయలు కోసేవాడి టైమ్ కూడా స్టాప్‌వాచ్‌లో కలుపుతున్నాం. కొత్త రికార్డు పదకొండు నిమిషాలు.